పాత సినిమాహాలు జంక్షన్ లీకుపై ఖండన

ముషిడికోట పురపాలక సంఘంలో పౌర సంబంధాల సహాయకుడు లెంక గౌరీశ్వరరావుకి ఖండన రాయడమంటే నల్లేరు మీద బండి నడక. పొద్దున్న పేపర్లో మున్సిపాలిటీని తిడుతూ వార్త వచ్చిందంటే, మధ్యాహ్నం క్యారేజీ విప్పేలోపల దానికి జవాబు తయారుగా ఉండేది. ఇరవై రెండేళ్ల సర్వీసులో అతను కూడబెట్టుకున్నవి నాలుగు మాటలు. విలేకరి ఫొటో వెయ్యకపోతే ఆ వార్త ‘నిరాధారం’. ఫొటో వేస్తే ‘వాస్తవ దూరం’. ఫొటోలో మున్సిపాలిటీ బోర్డు కూడా పడితే ‘వక్రీకరణ’. సాక్షాత్తూ కమిషనర్ గారే పడితే ‘దురుద్దేశపూరితం’. ‘అవాస్తవం’ అనే మాట కూడా ఒకటుంది గాని, దాన్ని వార్త నిజంగా అబద్ధమైనప్పుడే వాడాలని అతని నియమం. ఇంతవరకూ వాడే అవసరం రాలేదు.

ఇలా తన దారిన తాను రాసుకుంటున్నవాడి మీద జిల్లా కేంద్రం నుంచి ఒక సర్క్యులర్ వచ్చి పడింది. దాని పేరు ‘సత్వర ఖండన విధానం’. జిల్లాలో ప్రతికూల వార్తల విభాగం అని ఒకటి పెట్టారు. అక్కడ ముగ్గురు ఉద్యోగులు పొద్దున్నే పేపర్లన్నీ ముందేసుకుని, ఎక్కడ చేదు మాట కనబడితే అక్కడ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఎనిమిదింటికల్లా వాట్సాప్‌లో పంపుతారు. పదకొండింటికల్లా తాజా ఫొటోతో సహా ఖండన తిరిగి వెళ్లాలి. నెలాఖరుకి ఏ ఊరు ఎన్ని ఖండించిందో లెక్క తీసి ర్యాంకులు ఇస్తారు.

అందులో ఏడో నిబంధన ఒకటుంది. ‘ఒకసారి ఖండించబడిన సమస్యపై ఎట్టి పనులూ చేపట్టరాదు. చేపట్టినచో సదరు సమస్య ఉండినట్లు సదరు కార్యాలయం అంగీకరించినట్లుగా పరిగణించబడును.’

కమిషనర్ చక్రధరప్రసాద్ గారు దాన్ని రెండుసార్లు పైకి చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ఎంత శాస్త్రీయంగా ఉందయ్యా! ఇన్నాళ్లూ మనం ఖండించేవాళ్లం, మళ్లీ వెళ్లి బాగుచేసేవాళ్లం. రెండు నాలుకల ధోరణి కాదూ అది?” అన్నారు.

ఆ మాటకొస్తే ఇన్నాళ్లూ బాగుచేసింది కూడా తక్కువే. 

సర్క్యులర్ వచ్చిన నాలుగో రోజున మొదటి ఎర్ర సున్నా దిగింది. పాత సినిమాహాలు జంక్షన్‌లో మంచినీళ్ల మెయిన్ పైపు పదకొండు రోజులుగా లీకవుతోందని వార్త. రాసినవాడు పట్నాయక్ అనే విలేకరి. మహా ఓపికమంతుడు, ఫొటో కోసం రోడ్డు మీద పడుకోవడానికి కూడా వెనకాడడు. ఆ ఫొటోలో నీళ్లు నిలువెత్తున చిమ్ముతున్నాయి. ఒకడు ఆటో కడుక్కుంటున్నాడు. రెండు గేదెలు కళ్లు మూసుకుని స్నానం చేస్తున్నాయి. వెనకాల ‘ప్రతి నీటి బొట్టూ విలువైనదే – పురపాలక సంఘం’ అన్న బోర్డు తడిసి తళతళలాడుతోంది.

గౌరీశ్వరరావు కమిషనర్ గారి గదికి వెళ్లేసరికి గుమ్మం దగ్గర ఫిట్టరు అప్పలసూరి ఒక చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఒక క్లాంపు, ఒక రబ్బరు వాషరు బాబూ. సంతకం ఎట్టించీండి. అరగంట పని,” అన్నాడు.

కమిషనర్ గారు ఆ చీటీ వంక ఎండ్రకాయని చూసినట్టు చూశారు.

“ముందు ఖండన. తరవాతే ఏదైనా.”

“ఖండించాక బాగుచెయ్యకూడదు కదండీ, ఏడో నిబంధన,” అని గుర్తుచేశాడు గౌరీశ్వరరావు.

“అవును కదూ. చెయ్యకూడదు.”

“పోనీ, ముందు బాగుచేసి తరవాత ఖండిస్తే?”

“ముందే బాగుచేస్తే వార్త నిజమని ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నదాన్ని ఎలా ఖండిస్తారండీ? మీరు సీనియర్లు, మీరే ఇలా మాట్లాడితే ఎలా?”

అప్పలసూరి చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. గౌరీశ్వరరావు తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. లీకు లేదని రాద్దామంటే గేదెలు సాక్ష్యం. అంతంత నీళ్లని కాగితం మీద దాచడం ఎవరి తరం? కాసేపు ఫ్యాను వంక చూశాడు. ఉన్నట్టుండి, దాచడమెందుకు, చూపిస్తే పోలా అనిపించింది. కలం దానంతటదే కదిలింది.

‘సదరు కూడలిలో వాహనముల రాకపోకల వలన లేచు ధూళిని అణచి, ప్రజారోగ్యమును పరిరక్షించు సదుద్దేశముతో పురపాలక సంఘము వారు అమలుపరచుచున్న ‘ధూళి శమన జలధార’ పథకమును లీకుగా చిత్రించుట వక్రీకరణ. మూగజీవాలు సైతము ఈ పథకము ద్వారా లబ్ధి పొందుచున్నవి.’

కమిషనర్ గారు చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఇరవై రెండేళ్లలో గౌరీశ్వరరావు కోసం ఎవరూ లేచి నిలబడలేదు. బస్సులో కూడా. అతనికి ఒళ్లు పులకరించింది.

“మీరు ఇక్కడ ఉండాల్సినవారు కాదండీ,” అన్నారు కమిషనర్ గారు గద్గదంగా.

తాజా ఫొటోలో జలధార ఇంకాస్త నిండుగా ఉంటే బాగుంటుందని వాల్వు రెండు చుట్లు ఎక్కువ తిప్పించారు. పైపు అతుకు ఇంకో వేలెడు విచ్చుకుంది. ఫొటో మాత్రం దివ్యంగా వచ్చింది.

“మరి లీకు సంగతేటి బాబూ?” అని అడిగాడు అప్పలసూరి, బయట కనబడి.

“అది లీకు కాదయ్యా.”

“నీళ్లు పోతన్నాయి గదా?”

“పోవడం లేదు. వదులుతున్నాం,” అన్నాడు గౌరీశ్వరరావు.

మర్నాడు పొద్దున్న ఐదున్నరకి కుమ్మరివీధిలో అతని ఇంటి కొళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

గౌరీశ్వరరావు భార్య బంగారమ్మ ఇంటి అరుగు మీద ఇడ్లీలు అమ్ముతుంది. కుమ్మరివీధికి తెల్లారేది ఆవిడ ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడే. ఊళ్లోని మేస్త్రీలు, బడి పంతుళ్లు, ఆఖరికి విలేకరి పట్నాయక్ కూడా అక్కడే తింటారు. కొళాయి వచ్చే ముప్పావు గంటలో ఆవిడ పన్నెండు బిందెలు పట్టుకుంటేనే ఆ పూట పొయ్యి వెలుగుతుంది. ఆ రోజు ఒక్క బిందె కూడా నిండలేదు. మర్నాడూ అంతే. నానబోసిన పప్పు రుబ్బడానికి కూడా నీళ్లు లేక పులిసిపోయింది. మూడో రోజున అరుగు మీద పిల్లి పడుకుంది.

గౌరీశ్వరరావు అప్పలసూరిని పట్టుకున్నాడు.

“మా వీధికి నీళ్లు రావడం లేదేమిటి అప్పలసూరీ?”

“ఎలగొస్తాయి బాబూ? మీ ఈదికి ఎల్లే పైపే అది. నీళ్లన్నీ జంక్షన్ కాడే దిగిపోతన్నాయి. మీరే వదుల్తన్నారట గదా.”

“క్లాంపు వేసెయ్యి. నేను చెబుతున్నాను.”

“స్టోరు గుమస్తా ఇవ్వడు బాబూ. లీకు ఉన్నాదని కమిషనర్ గారి సంతకంతో కాయితం తెమ్మంటన్నాడు. ఆపీసులో ఉన్న కాయితం మీదేమో లీకు నేదని ఉన్నాది. అదీ మీరు రాసిందే.”

తను తీసిన గోతిలో తానే పడడమంటే ఏమిటో గౌరీశ్వరరావుకి అప్పుడు తెలిసింది. దానికి తోడు ఆ గొయ్యి ఇప్పుడు పథకం కూడా అయింది.

ఎందుకంటే ఈలోగా జిల్లా కేంద్రం నుంచి ప్రశంసాపత్రం వచ్చేసింది. ‘ప్రతికూలతను పథకముగా మలచిన తీరు ఇతర పురపాలక సంఘములకు ఆదర్శప్రాయము’ అని అందులో ఉంది. కమిషనర్ గారు దానికి ఫ్రేము కట్టించారు. జంక్షన్‌లో లీకు పక్కన పథకం బోర్డు పెట్టించారు. ఎవరైనా పొరపాటున దాన్ని బాగుచేసేస్తారేమోనని ఒక కాపలా మనిషిని కూడా వేశారు. పన్నెండో వార్డు కౌన్సిలర్ ఆఫీసుకొచ్చి, తమ వార్డులో ఒక్క లీకు కూడా లేదని, ఇది ముమ్మాటికీ వివక్షేనని బల్ల గుద్దాడు. తామేం పాపం చేశామని ఓటర్లు అడుగుతున్నారట. కమిషనర్ గారు అతన్ని శాంతపరిచి, వచ్చే సోమవారం జిల్లా ఉన్నతాధికారి వస్తున్నారని, వారి చేతుల మీదుగా మిగతా అన్ని వార్డుల్లోనూ పైపులకి తగుమాత్రం రంధ్రాలు చేయిస్తామని హామీ ఇచ్చారు.

“సార్, కుమ్మరివీధికి నీళ్లు రావడం లేదండీ,” అన్నాడు గౌరీశ్వరరావు.

“పేపర్లో వచ్చిందా?”

“లేదండీ.”

“మరి రాకుండా రావడం లేదని ఎలా చెబుతారు? కంగారు పడకండి.”

మర్నాడు అదీ వచ్చింది. ‘కుమ్మరివీధిలో ఐదు రోజులుగా నీళ్లు నిల్’. పట్నాయక్‌కి ఇడ్లీలు లేక కడుపు మండి ఉంటుంది, మాటల్లో ఆ మంట కనిపించింది. ఎర్ర సున్నా ఎనిమిది దాటకుండానే దిగింది. కమిషనర్ గారు వెంటనే రంగంలోకి దూకారు. చెత్త ఆటోని కడిగించి, ఇరవై బిందెలు తెప్పించి, జలధార దగ్గర నింపించి కుమ్మరివీధికి పట్టుకొచ్చారు. బిందెల్ని కొళాయి ముందు వరసగా పేర్పించారు.

“ఇల్లాలు ఎవరైనా నవ్వుతూ నిలబడితే సహజంగా ఉంటుంది,” అన్నారు.

వీధిలో ఆడవాళ్లందరూ తలుపులు వేసుకున్నారు. ఇక మిగిలింది ఒక్క ఇల్లు. గౌరీశ్వరరావు లోపలికి వెళ్లి భార్యని బతిమాలాడు. మొగుడి ఉద్యోగం కదా అని ఆవిడ కొంగు సర్దుకుని వచ్చి బిందెల వెనకాల నిలబడింది. ఫొటోగ్రాఫరు నవ్వమన్నాడు. బంగారమ్మ మొగుడి మొహం చూసింది. ఆ మొహం చూస్తే నవ్వు ఆగలేదు. ఫొటో తీసేశారు.

ఆ వెంటనే బిందెల్ని మళ్లీ ఆటో ఎక్కించడం మొదలుపెట్టారు.

“అయ్యా, ఆ నీళ్లు దించీసి ఎల్లండి. పప్పు నానబోసుకుంటాను,” అంది బంగారమ్మ.

“ఇవి ఫొటో నీళ్లమ్మా. ఇంకా రెండు వార్డుల్లో ఖండనలున్నాయి,” అన్నారు కమిషనర్ గారు ఎంతో మర్యాదగా.

మర్నాడు ఖండనతో పాటు ఆవిడ నవ్వు కూడా అచ్చయింది. పేపరు ఇలా వచ్చిందో లేదో కుమ్మరివీధి అంతా ఖాళీ బిందెలతో వాళ్ల గుమ్మంలోకి వచ్చింది. పక్కింటావిడ అయితే, ఇన్నేళ్ల ఇరుగుపొరుగు అనుకున్నామే, ఇరవై బిందెలు దాచుకుని మా ఎండిన గొంతులు చూసి నవ్వుతావా అని ఏడ్చేసింది. బంగారమ్మ ఎంత చెప్పినా వినలేదు. పేపర్లో ఫొటో ఉంది కదా మరి.

వాళ్లందరూ వెళ్లిపోయాక గౌరీశ్వరరావు టిఫినుకి కూర్చున్నాడు. బంగారమ్మ పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. అది శుభ్రంగా తుడిచిన ఖాళీ పళ్లెం.

“ఏమిటిది?”

“ఇడ్లీ.”

“పళ్లెంలో ఏమీ లేదు కదే!”

“ఇడ్లీ నేదన్న మాట నిరాధారం,” అంది ఆవిడ. “నాలుగు ఉన్నాయి. తినండి.”

“బంగారం...”

“పచ్చడి కూడా ఉన్నాది. పచ్చడి నేదనడం వాస్తవ దూరం. ఇంకో రెండు ఎయ్యనా? మొహమాటపడకండి. ఫొటో తీయించమంటారా, కమిషనర్ గారికి సూపిద్దురు?”

గౌరీశ్వరరావు నవ్వబోయాడు. కాని ఆవిడ నవ్వడం లేదు. కళ్లు నిండి ఉన్నాయి.

“మీరు రాసినయన్నీ ఆపీసు పని అనుకునీదాన్ని. ఊరోలు సదివి నవ్వుకుని వొగ్గేత్తారు, ఎవులికి నష్టం అనుకునీదాన్ని. ఆకలేసినోడి ముందర ఇలాగ ఒట్టి పళ్లెం ఎట్టడమని నాకు తెల్దు,” అంది.

గౌరీశ్వరరావుకి సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఏ ఖండన రాసినప్పుడూ వెయ్యని సిగ్గు అది. ఖాళీ పళ్లెంలో చెయ్యి కడుక్కుందామన్నా చెంబులో నీళ్లు లేవు.

సరిగ్గా అప్పుడే జేబులో ఫోను కూసింది. ఎనిమిది గంటల ఎర్ర సున్నా. పట్నాయక్ ఈసారి వార్త కాదు, ప్రశ్న వేశాడు. ‘జంక్షన్‌లో ఉన్నది పథకమా? లీకా? మున్సిపాలిటీ సమాధానం చెప్పాలి.’

గౌరీశ్వరరావు ఆకలితోనే ఆఫీసుకి వెళ్లాడు. బల్ల ముందు కూర్చుని, తన నాలుగు మాటల్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాడు. ఒక్కటీ నోటికి రాలేదు. ఇక ఉన్నదే రాశాడు.

‘పాత సినిమాహాలు జంక్షన్‌లో ఉన్నది పథకం కాదు. లీకు. దానివల్ల కుమ్మరివీధికి నీళ్లు రావడం లేదు. ఒక క్లాంపు, ఒక రబ్బరు వాషరు ఉంటే అరగంటలో బాగవుతుంది.’

ఇరవై రెండేళ్లలో అతను రాసినవాటిలో ఇదే అతి చిన్నది. తిరిగి చదువుకున్నాడు. ఉద్యోగం ఊడినా ఊడవచ్చు. అయినా కాగితం పట్టుకుని లోపలికి వెళ్లాడు. కమిషనర్ గారు సోమవారం ఉన్నతాధికారి ముందు చదవబోయే స్వాగతోపన్యాసం అద్దంలో చూసుకుంటూ వల్లె వేస్తున్నారు. ఖండనలు చదివే అలవాటు ఆయనకి ప్రశంసాపత్రం వచ్చిన రోజే పోయింది.

“ఈసారి ఏ మాట వాడారు? వక్రీకరణా?” అని అడిగారు సంతకం పెడుతూ.

“లేదండీ. ఇదివరకు ఎప్పుడూ వాడనిది.”

“భేష్, భేష్. కొత్తదనం ఉండాలి.”

మర్నాడు పేపర్లో నాలుగో పేజీ అడుగున, ఎప్పుడూ వచ్చే చోటే, ఎప్పటిలాగే ‘ఖండన’ అన్న శీర్షిక కింద అది అచ్చయింది. టీ కొట్టు దగ్గర ఒకడు పైకి చదివాడు.

“లీకు ఉన్నాదని మున్సిపాల్టీవోళ్లే రాసినారేటిరా!”

“అయితే నేదన్నమాటే. ఇది నిజంగా ఏదో పెద్ద పథకమే కావాల,” అన్నాడు పక్కవాడు ఆలోచించి.

అందరూ ఔనన్నారు. గేదెలవాడు కూడా జలధారకి ఒక దణ్ణం పెట్టాడు. ఆఖరికి పట్నాయక్ గౌరీశ్వరరావుకి ఫోను చేసి, తన వార్తలో పొరపాటు ఏమైనా దొర్లిందా అని భయపడుతూ అడిగాడు.

అప్పలసూరి ఒక్కడే ఆ పేపరు ముక్కని వేరే కంటితో చూశాడు. దాన్ని కత్తిరించి, పక్కన చీటీ పెట్టి, స్టోరు తలుపు తియ్యగానే గుమస్తా ముందు పెట్టాడు. లీకు ఉందని రాసి ఉంది. కింద కమిషనర్ గారి పేరు ఉంది. గుమస్తా తిరగేసి మరగేసి చూసి, ముక్కని రిజిస్టరులో అంటించి, క్లాంపు, వాషరు ఇచ్చి సంతకం తీసుకున్నాడు. జంక్షన్‌లో కాపలా మనిషి అడ్డం వస్తే అప్పలసూరి అతనికి కూడా పేపరు చూపించాడు. కాపలా మనిషి కుర్చీ తీసుకుని ఇంటికి పోయాడు.

ఆఫీసులో మాత్రం కమిషనర్ గారి నెత్తి మీద పిడుగు పడింది. ఎర్ర సిరా విభాగం వాళ్లకి పేపర్లో ఏది వార్తో ఏది ఖండనో చూసే తీరిక ఉండదు. చేదు కనబడింది, సున్నా చుట్టారు.

“మన మీద మనమే ప్రతికూల వార్త వేసుకున్నామా! జిల్లాలో ఇటువంటిది ప్రప్రథమం! ఇది మీరేనా రాసింది?”

“నేనేనండీ. సంతకం మీదండీ.”

కమిషనర్ గారు కుర్చీలో కూలబడ్డారు. సంతకం వంక చూసుకున్నారు. అది ముమ్మాటికీ తనదే, పైగా అందంగా కూడా ఉంది.

“సరే, అయ్యిందేదో అయ్యింది. పదకొండింటికల్లా దీన్ని ఖండించండి. ఫొటోతో సహా!”

“తప్పకుండానండీ.”

గౌరీశ్వరరావు బల్ల దగ్గరికి వచ్చి గడియారం చూస్తూ కూర్చున్నాడు. పది గంటల పది నిమిషాలకి అప్పలసూరి నుంచి ఫొటో వచ్చింది. పైపుకి కొత్త క్లాంపు. ఎండకి ఆరుతున్న రోడ్డు. ఏం జరిగిందో అర్థం కాక నిలబడి ఉన్న రెండు గేదెలు.

గౌరీశ్వరరావు చొక్కా సర్దుకుని, పెళ్లి శుభలేఖ రాసేవాడిలా నిటారుగా కూర్చుని, కలం తీసి రాశాడు.

‘పాత సినిమాహాలు జంక్షన్‌లో లీకు ఉన్నదన్న వార్త అవాస్తవం.’

రాసి, ఆ చివరి మాట వంక చాలాసేపు చూసుకున్నాడు. కమిషనర్ గారు ఈసారి ప్రతి అక్షరం వేలు పెట్టి చదివారు, తృప్తిగా సంతకం పెట్టారు. ఫొటో చూశాకే ఆయనకి అనుమానం వచ్చింది.

“రోడ్డు పొడిగా ఉందేమిటండీ? మరి సోమవారం పథకం? మళ్లీ విప్పించండి!”

“లీకు లేదని ఖండించేశాం కదండీ. ఖండించబడిన సమస్యపై ఎట్టి పనులూ చేపట్టరాదు. ఏడో నిబంధన,” అన్నాడు గౌరీశ్వరరావు వినయంగా.

కమిషనర్ గారు సర్క్యులర్ తెప్పించి చూశారు. అలాగే ఉంది. నిబంధనకి ఎదురు చెప్పే మనిషి కాదాయన. నిట్టూర్చి స్వాగతోపన్యాసంలో మూడు పేజీలు కొట్టేశారు.

మర్నాడు పొద్దున్న ఆ ఖండన కూడా నాలుగో పేజీ అడుగున వచ్చింది. టీ కొట్టు దగ్గర అదీ పైకి చదివారు.

“లీకు నేదంట.”

“ఇంకేటి మరి. ఉన్నట్టే,” అన్నాడు నిన్నటివాడు. అందరూ మళ్లీ ఔనన్నారు.

గౌరీశ్వరరావు తన సర్వీసు మొత్తం మీద రాసిన ఒకే ఒక్క నిజమైన ఖండనని ఊరు ఊరంతా ఇలా తోసిపుచ్చింది. నమ్మింది బంగారమ్మ ఒక్కతే. పేపరు చదివి వినిపిస్తుంటే ఆవిడ తల కూడా ఎత్తకుండా ఊఁ కొట్టింది. అప్పటికి ఐదున్నర దాటి అరగంట కావస్తోంది, ఆవిడ కొళాయి కింద ఏడో బిందె పెట్టుకుని ఉంది.